స్టీరింగుకు కట్టిన గుడ్డ

"గుడ్డ ఇప్పిన చెయ్యి ఎవలది? గది చెప్పి తాళమెయ్యుండ్రి. జలపతిది కాదా? పొద్దుపొద్దుగాల నా దుకానం ముంగటి బండిని దొంగల తీర్గ తోల్కపోయినప్పుడేమో అది ఉద్యమం. పైపు తెగినంక మాత్రం నా మొగడు పోలీసోళ్ల మనిషి. ఏం న్యాయమే ఇది? మీ నలుగుర్ల నోరున్నోడు ఒక్కడు లేడా?"

కోరుట్ల బస్టాండు వెనక సందులో, తమ మెకానిక్ షెడ్డు షట్టరుకు అడ్డంగా నిలబడి వహీదాబీ అడిగిన మాటలివి. అడిగింది పట్టణ ఉద్యమ కమిటీ పంపిన నలుగురు మనుషుల్ని. నలుగురి మెడల్లోనూ గులాబీ కండువాలు, ఒకడి చేతిలో కొత్త తాళం. ఆమె మొగుడు పాషా లోపల పనిబల్లకు చేతులానించి నేలను చూస్తున్నాడు. కోపం వస్తే మాట రాని మనిషి అతను. ఆ లోటు వహీదాబీ తీరుస్తుంది.

"జలపతన్న గీ గల్లీకే రాలేదు," అన్నాడు తాళం పట్టుకున్నవాడు. "ఆయన డ్రైవరు వినోద్ అచ్చి బండి అయిందా అనడిగితే, అయింది తీస్కపో అని నీ మొగడే అన్నడట. బ్రేకు పైపు సగం కోసిపెట్టి ఇచ్చిండు. తంగళ్ళపల్లి కాడ పోరని కాలు నుజ్జునుజ్జయింది. పోలీసోళ్లు ఏమిచ్చిండ్రో మీకే ఎరుక."

"కోసింది నువ్వు చూసినవా?"

"చూసుడెందుకు. జలపతన్న చెప్పిండు."

"అవ్ మరి. జలపతి చెప్తే రేపటిసంది పొద్దు గూడ సమ్మె చేస్తది."

వాళ్లు నవ్వలేదు. ఆమెను పక్కకు జరపడానికి మగవాళ్ల చేతులు ముందుకు రాబోయాయి. అప్పుడు పాషా బయటికి వచ్చి, పెళ్లాం భుజం పట్టి, తనే ఇవతలికి తెచ్చాడు. షట్టరు దిగింది. తాళం పడింది. దాని మీద ఒక కాగితం అతికించి పోయారు. దాని మీద రెండే మాటలు: తెలంగాణ ద్రోహి.

షెడ్డు పోతే ఇంకో షెడ్డు దొరుకుతుంది. రెంచీలు పట్టుకొని చెట్టు కింద కూర్చున్నా మెకానిక్కు బతుకుతాడు. కానీ బ్రేకు కోసేవాడన్న పేరు పడ్డవాడి దగ్గరికి సైకిలు కూడా రాదు. పాషా ముందున్నది అదొక్కటే. ఆ పేరు కడిగేసుకోవాలి, లేదా ఇరవై రెండేళ్లు బతికిన ఊరు విడిచిపోవాలి.

*

జరిగింది ఇది.

రెండువేల పదకొండు సెప్టెంబరు. సకల జనుల సమ్మె నడుస్తున్నది. బస్సులు డిపోల్లో పడుకున్నాయి, బడులకు తాళాలు, బొగ్గుబావుల్లో పని బంద్. పాషా కూడా మొదటి రోజే షట్టరు దించాడు. ఎవరూ చెప్పలేదు, తనకు తోచి దించాడు. అంతకు రెండేళ్ల ముందు రాస్తారోకోలో కూర్చొని లాఠీ దెబ్బలు తిన్న వీపు అతనిది.

జలపతి సంగతి వేరు. అతను రోడ్ల కాంట్రాక్టరు. వానకు కొట్టుకుపోయే రోడ్లు వేసి, కొట్టుకుపోయిన రోడ్లను మళ్లీ తనే కాంట్రాక్టు పట్టేవాడు. అలాంటివాడు కమిటీకి కన్వీనర్ ఎట్లా అయ్యాడంటే, మైకుసెట్టు అతనిది, జీపు అతనిది. ఈ రెండూ ఉన్నవాణ్ని మనమే నాయకుణ్ని చేసి భుజాల మీద మోస్తాం. తర్వాత బరువని ఏడుస్తాం.

ఆ జీపు సర్కారు వేలంలో కొన్న పాత ఫోర్‌వీల్ బండి. నాలుగు చక్రాలూ గుంజుతాయి కాబట్టి బురదలో, ఇసుకలో ఆగదు. దాన్ని తెచ్చి షెడ్డు ముందు ఆపి జలపతి అన్నాడు:

"పాషా, ముంగట లేపాలె. మెట్‌పల్లోళ్ల బండి చూసినవా, ముక్కు ఎట్ల లేసి ఉన్నదో? మనది మోకాళ్ల మీద కూసున్న ఎద్దు లెక్క ఉన్నది. నేను నిలవడితే ఆఖరి లైన్లున్నోనికి గూడ కనవడాలె."

"గంతకైతే స్టూలేసుకొని నిలవడుండ్రి సార్. బండెందుకు లేపుడు?"

జలపతికి అట్లాంటి మాటలు పడవు. మొహం ముడుచుకున్నాడు. "పరాచకాలద్దు. పోలీసోళ్లు రోడ్లకు అడ్డం కంచెలు పెడుతుండ్రు. మనం పొలాలల్ల నుంచి, కాలువ గట్ల మీదికెళ్లి పోవాలె. ఇది ఉద్యమం పని. వారంల గావాలె."

ఉద్యమం పని అన్నాక పాషా మారుమాట్లాడలేదు. షట్టరు సగం లేపి పని మొదలుపెట్టాడు.

జీపు ముందు ఇరుసును చట్రానికి పట్టి ఉంచేవి రెండు కమాన్లు. ఒకదాని కింద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీలు. పాత కమాన్లు ఏళ్ల బరువుకు సాగి బల్లపరుపైపోయాయి. కొత్తవి వేసినా పాత ఎత్తే వస్తుంది తప్ప లేవదు. అందుకని పాషా జగిత్యాల పోయి, తుక్కు దుకాణంలో పడి ఉన్న ఒక మినీ లారీ వెనక కమాన్లు విప్పుకొచ్చాడు. వాటి వంపు ఎక్కువ. లారీ బరువుకు చేసినవి కాబట్టి జీపు ముందు పెడితే కట్టెల్లా బిగుసుకుంటాయి. ఒక్కో దాంట్లోంచి రెండేసి పట్టీలు తీసేశాడు. కమాను కొసను చట్రానికి వేలాడదీసే బిళ్లలు పొడుగువి కోసి, తొలిచి, బిగించాడు. గుంతల్లో ఎగిరిపడకుండా పట్టే షాక్ గొట్టాలు కూడా ఆ లారీవే.

అంతటితో పని అయిందనుకునేవాళ్లే ఎక్కువ. ముందు భాగం లేపితే ఇరుసు ఒరుగుతుంది. స్టీరింగు తిప్పి వదిలితే తనంతట తాను నిటారుకు రాదు, బండి తాగినవాడిలా అటూ ఇటూ పోతుంది. దానికని కమానుకూ ఇరుసుకూ నడుమ ఏటవాలు ఇనుప బిళ్లలు పెట్టాడు. నాలుగించులు లేచింది జీపు. ఎంత లేచిందంటే షెడ్డు దూలం తగిలి లోపలికి పోలేదు. బయటే నిలబెట్టాల్సి వచ్చింది. ఆ ఎత్తే మొదటి కష్టం తెచ్చింది.

మిగిలింది ఒక్కటే పని. ముందు చక్రాలకు బ్రేకు నూనె తీసుకుపోయే రబ్బరు పైపులు రెండు. చట్రం నాలుగించులు పైకి పోయింది, పైపులు మాత్రం పాత పొడుగే. బండి చదును నేల మీద ఉంటేనే అవి బట్టలారేసే తీగలా బిగిసి ఉన్నాయి. స్టీరింగు పూర్తిగా తిప్పి, ఒక చక్రం గుంతలోకి వేలాడిందంటే తెగుతాయి. ఒక పైపు తెగితే నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. పాత బండి కదా, నూనెకు ఒకటే దారి.

లారీ పైపులు పొడుగువే గానీ పగిలి ఉన్నాయి. కొత్తవి కరీంనగర్ నుంచి రావాలి. బస్సు బంద్, పార్సిలు బంద్, అక్కడి స్పేరుపార్టుల దుకాణం బంద్. బంద్ పాటించమని కోరుట్లలో మైకు పట్టుకొని అరుస్తున్నది జలపతే.

"రెండు పైపులు వచ్చేదాక బండి కదిలియ్యద్దు సార్," అని పాషా ఫోనులో చెప్పాడు. జలపతి "సరే సరే" అన్నాడు.

చెప్పి ఊరుకోలేదు పాషా. గుడ్డ కట్టాడు.

జగిత్యాలలో పాషాకు పని నేర్పిన ఉస్తాద్ పెట్టిన పద్ధతి అది. పని కాని బండి స్టీరింగుకు ఒక గుడ్డ, రెండు ముళ్లు. గుడ్డ ఉన్నంతసేపు బండి మెకానిక్కుదే, ఓనరుది కాదు. కట్టిన చెయ్యే విప్పాలి. ఒకసారి పోలీసు జీపుకు అట్లా కట్టి ఉంటే ఎస్సై అంతటివాడు గంటన్నర టీ కొట్టు దగ్గర కూర్చొని ఎదురుచూశాడు. జలపతి దగ్గర డ్రైవరుగా చేరిన వినోద్ అంతకు ముందు మూడేళ్లు పాషా దగ్గరే పనిచేశాడు. వాడికి ఈ సంగతి అన్నం తిన్నంత తెలుసు.

ఇక ఆ గుడ్డ సంగతి. షెడ్డులో చేతులు తుడుచుకునే గుడ్డలన్నీ సిరిసిల్ల మరమగ్గాల దగ్గర మిగిలిన వేస్టు. కండెలు చుట్టే దేవవ్వ దగ్గర వహీదాబీ తూకానికి కొంటుంది. ఆ నెల దేవవ్వ ఒక గాంటు, అంటే ఒక పెద్ద మూట, మొత్తం ఇచ్చింది. గులాబీ పాలిస్టరు కండువాలవి. జలపతే ఆర్డరిచ్చి నేయించి, అచ్చు వేయించుకున్నవి. కండువాకు రెండు కొసలా 'జై తెలంగాణ' అని ఉంటుంది, మెడలో వేస్తే రెండు వైపులా నిటారుగా కనబడాలి. ఆ ఒక్క గాంటులో ఒక కొస అచ్చు తలకిందులుగా పడింది. జలపతి సిరిసిల్ల పోయి, అచ్చువేసినవాణ్ని నానా తిట్లూ తిట్టి, గాంటు అక్కడే విసిరేసి వచ్చాడు. విసిరేసింది వేస్టులోకి చేరింది, వేస్టు వహీదాబీకి చేరింది. పోగులు లేవకుండా ఆమె ప్రతి గుడ్డ కొసలనూ పొయ్యి సెగకు కాల్చి నల్లగా ముద్ద కట్టిస్తుంది. పాషా స్టీరింగుకు కట్టింది అందులో ఒకటి.

మరునాడు పొద్దున ఎనిమిదింటికి పాషా వచ్చేసరికి జీపు లేదు. గుడ్డా లేదు. తాళంచెవి పాషా జేబులోనే ఉంది. రెండోది జలపతి దగ్గరుంటుందన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. వినోద్‌కు పదకొండుసార్లు ఫోను కొట్టాడు. ఎత్తలేదు. జలపతికి కొట్టాడు. ఊరేగింపు పాటలు వినబడి కట్ అయింది.

మధ్యాహ్నానికి కబురొచ్చింది. సిరిసిల్లలో సభ అయిపోయాక వాగు దాటి తంగళ్ళపల్లి వైపు పోతుంటే పోలీసులు రోడ్డుకు అడ్డం ఉన్నారు. జలపతి కిందికి దిగి, "పొలంలకు దించు వినోదూ, లేపింది దీనికే గదా" అన్నాడట. తను మాత్రం ఎక్కలేదు. వినోద్ స్టీరింగు మొత్తం తిప్పి దించాడు. ముందు చక్రం పిల్లకాలువలోకి వేలాడింది. తర్వాత బ్రేకు తొక్కితే పెడలు అడ్డు లేకుండా అడుగుకు పోయింది. వాలులో జీపు పోతున్న దిక్కున ఆడవాళ్లు రోడ్డు పక్కన పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. వినోద్ బండిని మోరీ గోడకు తిప్పి కొట్టాడు. ఆడవాళ్లకు ఏమీ కాలేదు. వాడి కుడికాలు వెనక్కి నెట్టుకొచ్చిన ఇంజనుకూ సీటుకూ నడుమ నలిగిపోయింది.

సాయంత్రానికే జలపతి మాట ఊరంతా తిరిగింది: పాషా పైపు కోసిండు.

*

షట్టరుకు తాళం పడ్డ పూటే పాషా మోపెడ్ మీద జగిత్యాల ఆసుపత్రికి పోయాడు. వినోద్ తండ్రి బక్కయ్య, రాయికల్‌లో కూలి చేసే మనిషి, వార్డు తలుపు దగ్గరే ఎదురయ్యాడు.

"ఎందుకచ్చినవ్?"

"చూద్దామని బక్కన్నా."

"మోకాలు కింద తీసేసిండ్రు. చూసుడైంది గదా, పో."

పాషా పోలేదు. మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. వినోద్ మొహం గోడకు తిప్పుకొని ఉన్నాడు. బక్కయ్య కూర్చోలేదు, నిలబడే మాట్లాడాడు.

"మూడేండ్లు నీ కాడ పన్జేసిండు. నీ ఇంట్ల తిన్నడు. గసొంటి పోరడు తోలే బండి పైపు కొయ్యబుద్ధి ఎట్లయింది నీకు? మీ ఇంట్ల పండుగైతే నా ఇంటికి సేమ్యా రాకుండ లేదు. గిందుకేనా గవన్ని?"

"నేను కోసిన్నని వినోద్ చెప్పిండా?"

"జలపతి సారు చెప్పిండు."

"వినోద్ చెప్పిండా అంటున్న బక్కన్నా."

బక్కయ్య కొడుకు వైపు చూశాడు. వినోద్ గోడతోనే మాట్లాడాడు.

"రాష్ట్రం అచ్చినంక నౌకరి ఇప్పిస్తనన్నడు ఉస్తాద్. ఆఫీసుల కూసుండే నౌకరి. ఒక్క కాలుతోని డ్రైవరు పని చెయ్యరాదు గదా."

"రాసిచ్చిండా?"

"మాటిచ్చిండు."

"దేనికిచ్చిండు మాట? కాలుకా, నోటికా?"

పాషాకు తిట్టాలనిపించింది. పైపు ఎందుకు కోశావు అని ఊరంతా అడుగుతున్నది, గుడ్డ ఎందుకు చూడలేదు అని వీణ్ని ఎవరూ అడగలేదు. అడుగుదామనుకొని దుప్పటి కింద కాలు ఉండాల్సిన చోట చదునుగా ఉండటం చూసి ఆగిపోయాడు. చూపు తిప్పుకుంటే నేల మీద బక్కయ్య అన్నం గిన్నె కనబడింది. గిన్నె కింద పరిచిన పేపరు కనబడింది. ఆ పేపరులో ఒక చెయ్యి, చేతి కింద గులాబీ రంగు.

"బక్కన్నా, అన్నం గిన్నె జర జరుపు."

"ఏంది?"

"జరుపు."

జిల్లా పేజీ. సిరిసిల్ల ఊరేగింపు ఫొటో. ముక్కు లేపిన జీపు మీద జలపతి నిలబడి చెయ్యి ఎత్తాడు. గాలికి మెడలో కండువా విచ్చుకుంది. ఒక కొసన 'జై తెలంగాణ' నిటారుగా ఉంది. రెండో కొసన అక్షరాలు తలకిందులుగా వేలాడుతున్నాయి. అంచు నల్లగా కాలి ముద్దకట్టి ఉంది.

పాషా మెతుకులు దులిపి పేపరును వినోద్ మొహం ముందు పెట్టాడు. "గీ గల్లీకే రాలేదట గాయన. నా గుడ్డ ఆయన మెడలకు ఎట్ల పోయింది వినోదూ?"

వినోద్ ఫొటో చూశాడు. చూసి, నవ్వినట్టే మూతి వంకర అయింది.

"తొందరల ఇంటికాడ కండువా మర్సిపోయిండు. స్టీరింగుకున్నది ఇప్పి మెడలేసుకున్నడు. చెప్పిన ఉస్తాద్. గుడ్డ ఉన్నది సార్, పని కాలేదు, ముట్టద్దు అని చెప్పిన. మన కండువనే గదరా, దీనికి గూడ భయపడ్తవా, గసొంటోనివి తెలంగాణ ఎట్ల తెస్తవ్ అన్నడు. నాకు సిగ్గయింది. తోలిన. నాది గూడ తప్పే." పేపరు తండ్రి వైపు తోసి, "బండి తంగళ్ళపల్లిల సారు బామ్మర్ది షెడ్డెనుక పడున్నది. రేపు సాయంత్రం తుక్కుకు ఏస్తరట," అన్నాడు.

జీపు ముక్కలైపోతే పైపు కూడా పోతుంది. కోసిందో తెగిందో చెప్పేది అదొక్కటే.

బక్కయ్య అప్పటికి మంచం అంచు మీద కూర్చున్నాడు. పేపరు తీసుకొని అతి మెల్లగా నాలుగు మడతలు పెట్టి పాషా చేతిలో పెట్టాడు. అందులో దయ ఏమీ లేదు.

"తీస్కపో. నా కొడుకు నౌకరి గూడ అండ్లనే మడతవెట్టిన. తీస్కపో."

పాషా లేవలేకపోయాడు. తన పేరు కావాలంటే ఈ పిల్లవాడికి దొరికిన ఒక్క మాట కూడా ఊడబెరకాలి. జలపతి ఎంత తెలివిగా ముడివేశాడో అప్పుడు అర్థమైంది. స్టీరింగు మీద తను వేసిన ముళ్లు దీని ముందు ఏపాటి.

"పో ఉస్తాద్," అన్నాడు వినోద్. "పోయి నౌకరి మాట గూడ ఆయనతోనే నలుగుర్ల అనిపియ్యి. ఇక్కడ నా చెవిల అంటే ఏం లాభం."

*

మర్నాడు కోరుట్ల పెద్దరోడ్డు మీద వంటావార్పు. నడిరోడ్డున రాళ్ల పొయ్యిలు, డేగిసాల్లో కిచిడీ. అడ్డంగా జలపతి ట్రాక్టరు, దాని ట్రాలీ మీద మైకు పట్టుకొని అతనే. ఇవాళ కండువా సరైనదే వేసుకున్నాడు. పాషా, వహీదాబీ నడిచి వస్తుంటే జనం చీలలేదు. మోచేతులు అడ్డం పెట్టారు. "ద్రోహికి ఈడ ఏం పని" అని ఎవరో అన్నారు. ఎవరో పాషా అంగీ పట్టి గుంజితే గుండీలు తెగాయి.

పొయ్యి దగ్గర గరిటె తిప్పుతున్న గంగవ్వ, బీడీ కార్మికుల్ని వెంటేసుకొని వచ్చిన మనిషి, గరిటె పైకెత్తింది. "రానియ్యుండ్రి. లాఠీదెబ్బలు తిన్ననాడు ద్రోహి కాడు, ఇయ్యాల్ల అయిండా? ఏంది పాషా, చేతుల ఏంది?"

పాషా పేపరు ఇచ్చాడు. గంగవ్వ ఫొటో చూసింది. పేపరును తలకిందులుగా తిప్పి, కండువా కొసన ఉన్నది కూడబలుక్కొని చదివింది. "జై... తెలంగాణ. అరె, కన్వీనర్ సారును తిరగేస్తెగని చదవస్తలేదు."

ఆడవాళ్లు నవ్వారు. జలపతి మైకు మీద చెయ్యి మూసి వంగాడు.

"పాషా, ఏమన్న ఉంటే ఆఫీసుల మాట్లాడుకుందాం. అటుదిక్కు ఆంధ్రోళ్లు మనల చూస్తున్నరు. ఇంటి ముచ్చట రోడ్డు మీదేసుకుంటే ఎవలికి లాభం?"

"నా దుకానానికి తాళం ఆఫీసుల ఏసినవా?" మాట రాని పాషాకు మాట వచ్చింది. "ద్రోహి అన్న కాగితం ఆఫీసుల అతికించినవా? రోడ్డు మీద అన్నవు, రోడ్డు మీదనే విను. నా గల్లీకే రాలేదంటివి. నేను స్టీరింగుకు కట్టిన గుడ్డ గా ఫొటోల నీ మెడల ఎట్లున్నది?"

"సిరిసిల్లల ఎవలో ఏసిండ్రు. నాకు దినాం పదిమంది ఏస్తరు."

"గా గాంటు మొత్తం నేనే కొన్న," అన్నది వహీదాబీ. "నువ్వు ఒద్దని విసిరేసిన గాంటు. అచ్చుకొట్టినోన్ని తల్లిని వట్టి తిట్టినవు చూడు, గదే గాంటు. కొసలు నా పొయ్యి మీదనే కాలినయ్. నీ మెడలున్నదానికి కొసలు ఎందుకు నల్లగున్నయో చెప్పు. లేకపోతే సిరిసిల్లల నీకు కండువా ఏసినోడు ముందుగాల మా ఇంట్ల వంటజేసి పోయిండేమో."

మళ్లీ నవ్వారు. కానీ నవ్వు ఒక వైపు నుంచే వచ్చింది. రెండో వైపు నుంచి ఒక గొంతు గట్టిగా అడిగింది: "సరే, గుడ్డ ఇప్పిండనుకుందాం. పైపు కోసింది నువ్వు కాదని ఎట్ల నమ్మాలె? ముందే కోసి, పైన గుడ్డ కట్టినవేమో."

జలపతి మొహం విప్పారింది. "అడుగుండ్రి. గది అడుగుండ్రి." ఇంకో నలుగురు అవును అవును అన్నారు. ఆ నలుగురిలో తాళం వేసినవాడు ఉన్నాడు. నిన్నటిదాకా ఆ మనుషుల బండ్లన్నీ పాషా చేతి మీద నడిచినవే. వాళ్ల మొహాలు చూసి పాషా గొంతు పెంచలేదు. ఇంకా దించి, ఒక్కో మాట విడివిడిగా చెప్పాడు.

"నమ్మద్దు. నన్ను నమ్మద్దు, జలపతిని నమ్మద్దు. జీపు తంగళ్ళపల్లిల ఈయన బామ్మర్ది షెడ్డెనుక ఉన్నది. ఇయ్యాల్ల సాయంత్రం దాన్ని తుక్కుకు ఏస్తుండ్రు. ఎందుకంత తొందరో ఈయన్నే అడుగుండ్రి. గా జీపు తుక్కుకు పోవద్దు. సిరిసిల్ల నడిబజార్లకు గుంజుకరావాలె. ముందు చక్రం కాడ తెగిన పైపు ఇప్పాలె. నేను ముట్ట. ఈయన ముట్టద్దు, పోలీసోడు ముట్టద్దు. రబ్బరు నడుమ దారం అల్లిక ఉంటది. దాన్ని తీసి ఆడ కండెలు చుట్టే దేవవ్వ చేతిల పెట్టుండ్రి. పుట్టిననాటి సంది తెగిన పోగులు అతికిన మనిషి. కోసిన పోగేదో, గుంజుతే తెగిన పోగేదో కండ్లు మూసుకొని చెప్తది. సిరిసిల్లల నేసేటోళ్లందర్నీ అడుగుండ్రి, ఒక్కలు గూడ తప్పు చెప్పరు."

పాషా ట్రాలీ దగ్గరికి ఇంకో అడుగు వేశాడు.

"కోసిందని చెప్తే, మీరేం జేసినా సరే, నేను గిక్కన్నే ఉంట. తెగిందని చెప్తే నాలుగు పనులు గావాలె. ఏసిన చెయ్యే నా తాళం తియ్యాలె, అంటించిన చెయ్యే కాగితం చింపాలె. జలపతి గా మైకు మల్ల ముట్టద్దు. వినోద్‌కు ఇచ్చిన నౌకరి మాట నలుగురి ముంగట కాగితం మీద రాసి బక్కన్న చేతిల పెట్టాలె. అప్పటిదాక గీ పొయ్యిల మీది డేగిసా దించేది లేదు. తినేది లేదు."

గంగవ్వ గరిటె డేగిసా మీద అడ్డంగా పెట్టి, రెండు చేతులూ నడుముకు పెట్టుకుంది. జలపతి మైకులోకి ఏదో అనబోయాడు. పాషా ట్రాలీ అంచు పట్టుకొని, చెయ్యి చాపాడు.

"జలపతీ, జీపును గుంజుకరానీకి నువ్వు నిలవడ్డ ట్రాక్టరే గావాలె. దిగు. తాళంచెవి ఇటియ్యి."